మూడు క్లౌడ్లు, ఒకే కన్ను

పని చేతికి రాకముందే సాదిక్ బోర్డు రాయించుకొచ్చాడు.

రెండడుగుల రేకు. ఆకుపచ్చ మీద పసుపు అక్షరాలు: ‘సాదిక్ మానిటరింగ్ సర్వీస్. మూడు క్లౌడ్లు, ఒకే కన్ను.’ కింద ఒక కన్ను బొమ్మ. మంగళగిరి పెయింటరు ఆ కంటికి రెప్పవెంట్రుకలు ధారాళంగా పెట్టి, అడక్కుండానే కాటుక కూడా దిద్దాడు. పోనీలే, అందంగానే ఉందనుకుని సాదిక్ దాన్ని స్కూటీ మీద మోకాళ్ళకి ఆనించి పట్టుకుని ఇరవై కిలోమీటర్లు తెచ్చాడు. తెచ్చి, గుంటూరు శివార్లలో ఖుర్షిదా టీకొట్టు ముందు, అందరికీ కనబడేలా నిలబెట్టాడు.

కొట్టుకి ఎదురుగా రోడ్డు దాటితే ఏసీ. ఆ వైపు ఏసీ అంటే ఇంట్లో గోడకి పెట్టుకునేది కాదు. లక్ష టిక్కీల, అంటే లక్ష బస్తాల, మిరపకాయల్ని రంగు పోకుండా, ఘాటు తగ్గకుండా ఏడాది పొడుగునా చల్లగా దాచే కోల్డ్ స్టోరేజీ. ఆ రోడ్డు మీద అలాంటివి ఐదున్నాయి. ఐదింటి గదుల్లోనూ అగ్గిపెట్టెంత సెన్సర్లు పెట్టారు. లోపల ఎన్ని డిగ్రీలుంది, తేమ ఎంతుంది, మెషిన్ ఆడుతోందా ఆగిందా అని అవి ఎప్పటికప్పుడు చెబుతుంటాయి. చిక్కల్లా ఐదుగురు యజమానులూ ఒకచోట కొనకపోవడంతో వచ్చింది. ఇద్దరి సెన్సర్లు చెప్పేది ఒక కంపెనీ క్లౌడ్‌లోకి పోతుంది, ఇంకో ఇద్దరిది వేరే క్లౌడ్‌లోకి, మిగిలిన ఒకాయనది మూడో దాంట్లోకి. మూడు తెరలు, మూడు పాస్‌వర్డ్లు, మూడు రకాల గంటలు. ఏ గంట ఎక్కడ మోగుతోందో ఎవరికీ తెలియదు.

సాదిక్ వారం కిందట వచ్చి ఆ మూడింటినీ కలిపి ఒక్క తెర మీదకి, తన ఫోన్లోకి తెచ్చాడు. "ఐదూ నేనే చూస్తాను, ఎక్కడ తేడా వచ్చినా నిమిషంలో చెబుతాను" అన్నాడు. అయితే వారం చూపించు అన్నారు. ఇవాళ ఏడో రోజు.

నాలుగింటికి యలమంద లోపలికెళ్ళి యజమానులతో ‘సరే’ అంటే మంగళగిరి ఆఫీసులో షిఫ్టుకి పదిమందిలో పదకొండోవాడిగా కూర్చునే బాధ తీరిపోతుంది. ‘ఊహూఁ’ అంటే బోర్డు దండగ. యలమంద ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ ఏసీలో మెషిన్ ఆపరేటరు. ఐదుగురు యజమానులూ ఏ విషయంలోనూ కలవరు గానీ యలమంద మాట దగ్గర కలుస్తారు. ఆ యలమంద ఇప్పుడు బల్ల చివర, గ్లాసెడు టీ ముందు పెట్టుకుని, సాదిక్ వైపే చూస్తూ కూర్చున్నాడు.

టైము మూడూ పది. నాలుగింటికి ఇంకా యాభై నిమిషాలు. అంటే మూడువేల సెకన్లు. మూడువేల సెకన్లు నోరు మూసుకుని కూర్చోవడం సాదిక్ వల్ల అయ్యే పని కాదు.

"జక్రయ్య అన్నా, మంగళగిరిలో నేనేం చేస్తానో నీకెప్పుడూ చెప్పలేదు కదూ?"

"మూడుసార్లు చెప్పావు" అన్నాడు జక్రయ్య. అతను ఆ ఐదు ఏసీలకీ బస్తాలు మోసే ముఠాకి మేస్త్రి. అతని పద్ధెనిమిది మంది మనుషులూ కొట్టు పక్క రేకుల నీడలో వరసగా గొంతుక్కూర్చుని టీ ఊదుకుంటున్నారు. "ఎక్కడో అద్దెకి తీసుకున్న కంప్యూటర్లకి ఇక్కడ కూర్చుని కాపలా కాస్తావు."

"కాపలా అనమాకన్నా! కాపలా అంటే కర్ర పట్టుకుని..."

బల్ల మీద బోర్లా పెట్టిన ఫోను గుర్రుమంది. సాదిక్ చూడను కూడా చూడకుండా బొటనవేలితో దాని పక్క మీట నొక్కాడు. అది ఊరుకుంది.

"చూడవేంది?" అంది ఖుర్షిదా, పాలగిన్నె దించుతూ.

"తలుపు ఆపా. టిక్కీలు లోపలేసేటప్పుడు తలుపు తీస్తారా, గదిలో రెండు డిగ్రీలు పెరుగుద్ది, ఇది మోగుద్ది. ఆరు రోజుల్లో రెండొందల పన్నెండు సార్లు మోగింది. రెండొందల పన్నెండు సార్లూ తలుపే. చప్పుడు వింటే చాలు, చెప్పేస్తా." ఆ మాట యలమందకి వినబడేంత గట్టిగా అన్నాడు. "అనుభవం ఆపా, అనుభవం. ఒకసారి ఏమైందనుకున్నావు..."

"మొదలెట్టాడు" అంది వీరమ్మ. ఆవిడ ఎదుటి షెడ్డులో మిరపకాయల ముచ్చికలు తీసే పనికొస్తుంది. ఘాటుకి ముక్కు ఎర్రబడి ఉంది. మూతికి కట్టుకున్న గుడ్డ విప్పి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని వినడానికి సిద్ధంగా కూర్చుంది.

"మా ఆఫీసుకి ఒక పార్టీ ఉంది, చీరలమ్మే కంపెనీ, పేరు చెప్పకూడదు. వాళ్ళకి పన్నెండు కంప్యూటర్లు. ఎనిమిది ఒక క్లౌడ్‌లో, నాలుగు ఇంకో దాంట్లో. ఓ రోజు అన్నం తిని వచ్చి కూర్చున్నానా, ఏడో నంబరు వందకి తొంభై రెండు పాళ్ళు పనిచేస్తోంది. ఇంకో ఎనిమిది ఎక్కితే కూలబడిపోద్ది. మా సీనియర్ చైతన్యకృష్ణ అని ఉన్నాడు, పక్కనే ఉండి కూడా చూళ్ళేదు. నేను చూశా. ఒక్క నొక్కు నొక్కా. పక్కనే ఖాళీగా ఉన్న ఎనిమిదో నంబరు మీదకి సగం బరువు దించేశా."

ఇంతవరకు ఇంచుమించు నిజమే. చూసింది సాదిక్. నొక్కింది చైతన్యకృష్ణ. అది చిన్న తేడా అని సాదిక్ ఉద్దేశం.

"అంతేనా?" అంది వీరమ్మ.

ఆ ‘అంతేనా’ అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. సాదిక్ ఓరకంట యలమంద వైపు చూశాడు. యలమంద ముఖంలో ఏమీ లేదు. జేబురుమాలు తీసి ఈగలు వాలకుండా టీగ్లాసు మీద కప్పుకుంటున్నాడు. పన్నెండు కంప్యూటర్లకి ముప్ఫై ఒక్క ఏళ్ళ మనిషి కదులుతాడా?

"అంతే అంటావేంటత్తా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ రోజు వాళ్ళు అమ్మకానికి పెట్టింది ఒకే ఒక్క చీర. మంగళగిరి నేత, చిలకాకుపచ్చకి జరీ అంచు, అలాంటిది మళ్ళీ నేయరు. దానికోసం లక్షమంది ఒకేసారి పడ్డారు. ఎనిమిదో నంబరు ఎర్రబడింది, తొమ్మిదో నంబరు ఎర్రబడింది, వరసపెట్టి పన్నెండూ పండు మిరపకాయలై కూర్చున్నాయి. నేను ఇంకో నలభై తెరిచా. సరిపోలా. నాలుగొందలు తెరిచా."

"పన్నెండన్నావు ఇందాక" అంది ఖుర్షిదా.

"పన్నెండు పొద్దున ఆపా. మధ్యాహ్నానికి నాలుగొందలు. క్లౌడ్ అంటేనే అది. పనుంటే పుట్టుకొస్తాయి, పని లేకపోతే మాయమైపోతాయి."

"మా ముఠాకి అది తిరగేసి చదువుకో" అన్నాడు జక్రయ్య. "పనుంటే ఒక్కడూ కనబడడు."

పద్ధెనిమిది మందీ నవ్వారు. ఫోను మళ్ళీ గుర్రుమంది. సాదిక్ బొటనవేలు మళ్ళీ మీట మీద పడింది. జనం నవ్వితే సాదిక్‌కి పూనకం వస్తుంది. లేచి నిలబడ్డాడు.

"లక్ష కాస్తా పది లక్షలయ్యారు. ముంబైలో మా క్లౌడ్ నిండిపోయింది. లారీ మీంచి టిక్కీ అందుకున్నట్టు అక్కడి పనిని ఎత్తి హైదరాబాదు క్లౌడ్‌లో దించా. హైదరాబాదూ నిండిపోయింది. మూడోది సింగపూర్లో ఉంది. ఎడం చేత్తో ముంబై, కుడి చేత్తో హైదరాబాదు, సింగపూర్‌కి మోచెయ్యి! ఇట్టా!" అని మోచేత్తో గాలిలో ఏదో నొక్కి చూపించాడు. గ్లాసుల ట్రే కొంచెంలో తప్పింది. "ఎక్కడ చోటుంటే అక్కడికి తోస్తున్నా. ఎవరు అలిసిపోతే వాళ్ళని కూర్చోబెడుతున్నా. పన్నెండువేల కంప్యూటర్లు, ఏది ఎంత వేడెక్కిందో నాకు నోటికొచ్చు. అప్పుడు సింగపూర్ నుంచి ఫోను. ‘సాదిక్ గారండీ, కొంచెం నెమ్మదిగా తోయండి, మా ఊళ్ళో లైట్లు మసకబారుతున్నాయి’ అని."

"తెలుగులోనా?" అన్నాడు జక్రయ్య.

"తెలుగులోనే. డ్యూటీలో ఉన్నది ఒంగోలు కుర్రాడు, కరుణాకర్ అని."

"అదొక్కటీ నమ్ముతా" అన్నాడు జక్రయ్య.

యలమంద రుమాలు కొంచెం ఎత్తి లోపలికి చూసుకుని, "ఖుర్షిదమ్మా, ఇది చల్లారింది. వేడిది ఇంకోటి పొయ్యమ్మా, పొగలు రావాలి" అన్నాడు.

సాదిక్ గుండె ఎగిరి గంతేసింది. టీ తాగడం మర్చిపోయాడు! ముప్ఫై ఒక్క ఏళ్ళుగా మెషిన్ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు చెవిన పెట్టని మనిషి తన కథలో పడి టీ చల్లార్చుకున్నాడు. పన్నెండువేలకే ఇలాగుంటే ఇక నాలుగు కోట్లకి? అబద్ధం నోట్లోంచి వస్తుంటే దాని వెనకాల ఇంకోటి తోసుకుంటూ రావడం సాదిక్‌కే ముచ్చటగా ఉంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సింగపూరూ చాల్లేదు. జర్మనీ అడిగా, జపాన్ అడిగా. ఎవరి క్లౌడయినా సరే, ఏ మూలనున్న కంప్యూటరయినా సరే, గంటసేపు ఇవ్వండయ్యా అన్నా. మొత్తం ఇచ్చేశారు. చీరకోసం వచ్చినవాళ్ళు అప్పటికి పదకొండు కోట్లు. భూమ్మీద ఇక ఖాళీ కంప్యూటరు అనేది లేదు. చైతన్యకృష్ణ తల పట్టుకుని కూర్చున్నాడు. నేనన్నా, గురువుగారూ, కంప్యూటరు అంటే ఏంటి? లెక్క తెలిసిన ఇనుము. అంతేగా? లెక్క తెలిసిన ఇనుము మా గుంటూరు మిర్చి యార్డులో ఎంతుంది!"

"కాటాలా?" అన్నాడు ముఠాలో ఒకడు, తూకాల సంగతి కాబట్టి.

"కాటాలే! పద్ధెనిమిదొందల ఎలక్ట్రానిక్ కాటాలు. అన్నింటినీ కలిపేశా. ఒక్కో కాటాకి అరవైవేల మందిని అప్పజెప్పా. ఎంతైంది? పది కోట్ల ఎనభై లక్షలు. ఇంకా ఇరవై లక్షల మంది మిగిలారు. యార్డులో టిక్కీ పెడితే కాటా బరువు చూపించడం మానేసి చీర రంగు చూపిస్తోంది. ‘ఇదేంటయ్యా, నా తేజ రకం కాయలు చిలకాకుపచ్చ అంటోంది’ అని రైతులు గోల."

వీరమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఫోను గుర్రుమంది. బొటనవేలు. మళ్ళీ గుర్రుమంది. బొటనవేలు. మాటకి అడ్డొస్తోందని సాదిక్ దాన్ని తీసి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. అక్కడా అది గుర్రుమంటూనే ఉంది.

"మిగిలిన ఇరవై లక్షల మందినీ ఏం చేశావు, నెత్తిన పెట్టుకున్నావా?" అంది ఖుర్షిదా.

"గిత్తలున్నాయిగా ఆపా!"

"ఏం గిత్తలు?"

"ఒంగోలు గిత్తలు. చెవికి పసుప్పచ్చ ట్యాగు చూళ్ళేదా? దాని మీద పన్నెండంకెల నంబరుంటది. నంబరున్న దేన్నయినా నేను కంప్యూటరు చేస్తా. ఒంగోలు నుంచి సింగరాయకొండ దాకా ఆరువందల గిత్తల్ని నిమిషంలో ఎక్కించేశా."

"గిత్త లెక్కలు చేస్తదా?" జక్రయ్య గ్లాసు కింద పెట్టేశాడు.

"ఎట్టా చెయ్యదన్నా? తోక ఒకసారి ఊపితే కూడిక, రెండుసార్లు ఊపితే తీసివేత. తల విదిలిస్తే గుణకారం. ఇంక నెమరు సంగతి చెప్పనా? ఒకసారి మింగింది దాచుకుని, కావాల్సినప్పుడు మళ్ళీ పైకి తెచ్చుకుని చూసుకోవడం. నీ ఫోన్‌కి ఉంటదా అంత మెమరీ? నాలుగు పొట్టల మెమరీ! కాకపోతే ఒక్కటే బాధ, వేడెక్కుతాయి. ఏది వేడెక్కిందో తెలుసుకోవడం ఎట్టా? తెరల్లేవు, మీటర్లు లేవు. నేను కొమ్ము పట్టుకుని చూశా. కొమ్ము వెచ్చగా ఉంటే పని ఎక్కువైందని, చల్లగా ఉంటే ఖాళీ అని. ఆరువందల గిత్తలకి పన్నెండొందల కొమ్ములు. సెకనుకి నలభై కొమ్ములు పట్టుకున్నా. ముప్ఫై సెకన్లకి ఒక రౌండు."

"నా నాలుగు గ్లాసులు అటందిస్తావా అంటే పావుగంట చేస్తావు" అంది ఖుర్షిదా.

యలమంద మూడో టీ పోయించుకున్నాడు. "పొగలు రావాలమ్మా" అన్నాడు మళ్ళీ. రుమాలు మళ్ళీ కప్పాడు. సాదిక్‌కి ఒళ్ళు తేలిపోతోంది. మూడు గ్లాసులు! ఒక్క గుక్క మింగలేదు! బోర్డు ఏసీ గేటుకి ఎడమవైపు పెట్టాలా కుడివైపు పెట్టాలా అని కూడా ఆలోచించేశాడు. కుడివైపు. లారీలు అటునుంచి వస్తాయి.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? గిత్తలు కాగిపోతున్నాయి. ఒక్కోటి ముక్కులోంచి ఆవిరి. ఏం చేయాలి? ఎక్కడ చల్లగా ఉంటది? ఇక్కడ!" రోడ్డవతలకి చెయ్యి చూపించాడు. "ఆరువందల గిత్తల్నీ హైవే మీద తోలుకొచ్చి, వరసకి రెండు చొప్పున ఈ ఏసీలో పెట్టించా."

"మేమెక్కడున్నాం అప్పుడు?" అన్నాడు జక్రయ్య.

"పనుంది కదన్నా. ఒక్కడూ కనబళ్ళా."

ఈసారి పద్ధెనిమిది మందీ తొడలు చరుచుకుని మరీ నవ్వారు. జక్రయ్య కూడా నవ్వక తప్పలేదు.

"లోపల ఆరు డిగ్రీల చలి, లక్ష టిక్కీల ఘాటు. గిత్తలకి ముక్కులు అదిరాయి. మొదటి గిత్త తుమ్మింది. అది చూసి రెండోది. ఆరువందలూ ఒకేసారి తుమ్మాయి చూడూ, ఆ తుమ్ము ట్యాగుల్లోంచి కాటాల్లోకి, కాటాల్లోంచి హైదరాబాదు క్లౌడ్‌లోకి, ముంబైలోకి పోయి, సింగపూర్లో మూడువేల కంప్యూటర్లు తుమ్మాయి. కరుణాకర్ ఫోన్ చేసి, ‘చల్లగా ఉండండి సాదిక్ గారండీ’ అన్నాడు. ఆ విసురుకి ప్రపంచంలో ఉన్న బరువంతా ఎగిరిపోయింది. తొంభై రెండు పాళ్ళున్నవన్నీ ఆరుకి దిగాయి. అన్నీ పచ్చబడ్డాయి. మూడు క్లౌడ్లూ పచ్చగా, పైరులాగా!"

"చీర ఎవరికొచ్చింది?" అంది వీరమ్మ. ఆవిడకి మొదట్నుంచీ అదే ధ్యాస.

సాదిక్ దాని గురించి ఆలోచించనే లేదు. "చైతన్యకృష్ణ వాళ్ళ అత్తగారికి" అన్నాడు తడుముకోకుండా. "ఆ హడావిడిలో ఎవరు నొక్కారో మరి."

వీరమ్మ కళ్ళు తుడుచుకుంది. సాదిక్ ఇక కథని దింపాల్సిన చోట దింపాడు. బోర్డు దగ్గరికి నడిచి, కాటుక కన్ను మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించాడు.

"ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే బాబాయ్ గారూ, అన్ని కోట్ల మందిలో, అన్నేసి క్లౌడ్లలో, ఒక్క ఎర్ర చుక్క నా కన్ను తప్పించుకు పోలేదు. ఒక్క గంట మోగి ఊరికే పోలేదు. నేను రెప్ప వెయ్యలేదు."

బల్ల మీద వదిలేసి వచ్చిన ఫోను గుర్రుమంది. సాదిక్ రెండంగల్లో వెళ్ళి మీట నొక్కి వచ్చాడు.

"ఇప్పుడు మోగిందేంటబ్బాయ్?" అన్నాడు యలమంద. కథ మొదలయ్యాక ఆయన సాదిక్‌తో మాట్లాడటం అదే మొదటిసారి. గొంతు మెత్తగానే ఉంది.

"తలుపండీ."

"అంతకు ముందు మోగింది?"

"తలుపేనండీ."

"అన్నీ కలిపి ఎన్నంటావు?"

సాదిక్ లెక్కలవాడే గానీ ఈ లెక్క పెట్టలేదు. జవాబు జక్రయ్య చెప్పాడు. "పదిహేడు. టిక్కీలు లెక్కపెట్టే నోరు కదా, ఏది కదిలినా లెక్కేస్తా."

"పదిహేడు సార్లు తలుపు తీశారన్న మాట" అన్నాడు యలమంద. "తీసిందెవరబ్బాయ్?"

"జక్రయ్య అన్న ముఠా వాళ్ళే కదండీ, టిక్కీలు..." అని అటు తిరిగాడు సాదిక్.

ముఠా పద్ధెనిమిది మందీ, మేస్త్రితో పంతొమ్మిది, ఖాళీ గ్లాసులు పట్టుకుని అతన్నే చూస్తున్నారు. ముప్పావుగంట నుంచి అక్కడే ఉన్నారు. వాళ్ళకే కదా తను కథ చెప్పింది. ఏసీ తలుపు బయట తాళం ఎండకి తళతళా మెరుస్తోంది.

"నాలుగింటి లారీ దాకా మాకు పని లేదురా" అన్నాడు జక్రయ్య, జాలిగా.

సాదిక్ ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పదిహేడు కబుర్లు ఒకదాని మీద ఒకటి ఎర్రగా ఉన్నాయి, అన్నీ ఎదుటి ఏసీవే. అడుగు నుంచి చదివాడు. మూడో గది, ముప్ఫై తొమ్మిది డిగ్రీలు. మూడో గది, యాభై ఆరు. మూడో గది, అరవై నాలుగు. ఆ పైన డెబ్బై ఒకటి. ఆరు ఉండాల్సిన గదిలో డెబ్బై ఒకటి! ఇరవైవేల టిక్కీలు! ఎంతమంది రైతుల పంట! "బాబాయ్ గారూ, మూడో గది కాలిపోతోంది!" అని రోడ్డుకి అడ్డంగా పరిగెత్తబోయాడు.

"ఆగు" అన్నాడు యలమంద. "మూడో గది ఇక్కడుంది."

టీగ్లాసు మీది రుమాలు తీశాడు. పొగలు కక్కుతున్న టీలో, అగ్గిపెట్టెంత సెన్సరు మెడలోతు మునిగి ఉంది. దాని నెత్తి మీద చిన్న ఎర్రదీపం మిణుకుమిణుకుమంటోంది.

"ఇందాక టీకి వచ్చేటప్పుడు విప్పి జేబులో వేసుకున్నా" అన్నాడు యలమంద. "నీళ్ళల్లో పడ్డా ఏమీ కాదని మొదటిరోజు నువ్వే చెప్పావు."

ఖుర్షిదా వంగి గ్లాసులోకి చూసింది. "అందుకా! మూడు టీలు పోయించుకుని ఒక్కటీ తాగంది! నా టీ బాగాలేదేమోనని నేను కుమిలిపోతున్నా!" అంది. దాంతో ముఠా మొత్తం నవ్వుతూ నేల మీదకి ఒరిగింది. వీరమ్మ బోర్డు వైపు వేలు చూపించి, "కాటుక పెట్టుకుంటున్నట్టుందయ్యా ఆ కన్ను, అందుకే చూళ్ళేదు" అంది. ఒకడు తోక ఊపినట్టు చెయ్యి రెండుసార్లు ఊపి, "తీసివేత" అన్నాడు.

"నాకు ముందే తెలుసండీ" అన్నాడు సాదిక్. నోరు అలవాటు కొద్దీ తనంతట తనే కదిలింది. "టీయే కదా, చల్లారితే అదే దిగుద్దని..." ఆ పైన అతనికే నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి ఒక తుమ్ములాంటిది బయటపడింది.

"చల్లగా ఉండండి సాదిక్ గారండీ" అన్నాడు జక్రయ్య.

నవ్వులు తగ్గేదాకా యలమంద ఆగాడు. సెన్సరు తీసి రుమాలుతో తుడిచాడు. "మూడు క్లౌడ్లలో ఉన్నదాన్ని ఒకచోటికి తెచ్చావు. మా ఐదుగురు యజమానులూ రెండేళ్ళు తిరిగినా ఎవరూ చెయ్యలేకపోయారు. నీ కథలో అది ఎక్కడా రాలేదేం?"

"అది నిజం కదండీ" అన్నాడు సాదిక్. "అందులో చెప్పడానికేముంది?"

యలమంద మొదటిసారి నవ్వాడు. పొగలు పోయిన టీ పారబోసి, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. "ఇవాళ ‘సరే’ అని చెప్పను. ఇంకో వారం చూద్దామంటాను. ఈ వారం నీ ఫోను మంగళగిరిలో కాదు, మెషిన్ రూములో నా పక్కన మోగాలి. మోగినప్పుడల్లా లేచెళ్ళి, గది చూసొచ్చి, అది తలుపో కాదో నాకు చెప్పాలి. కొమ్ము పట్టుకుని చూశానన్నావే, ఆ ముక్క బాగుంది. నా మెషిన్‌కీ పట్టుకుని చూడాల్సిన గొట్టాలున్నాయి. నేర్పిస్తా."

సాదిక్ తల ఊపాడు. ఎంత వెతికినా ఆ తల ఊపుకి కలపడానికి అంకె ఏదీ దొరకలేదు.

లారీ హారన్ వినిపించింది. ముఠా లేచి, నెత్తులకి గుడ్డలు చుట్టుకుంటూ రోడ్డు దాటింది. యలమంద వాళ్ళ వెనకాలే వెళ్ళాడు. లారీ గాలికి పొయ్యి ఆరిపోబోతుంటే ఖుర్షిదా చుట్టూ చూసి, చేతికందిన బోర్డు లాగి పొయ్యికి అడ్డం పెట్టింది. మంట నిలబడింది. కన్ను బయటి వైపుకే ఉంది.

"ఇదిగో, వేడి టీ" అంది. "ఇది తాగడానికే."

సాదిక్ గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క నోటిదాకా వెళ్ళింది.

ఫోను గుర్రుమంది.

బొటనవేలు తనంతట తను మీట మీదకి పోయింది. వీరమ్మ చూస్తోంది. ఖుర్షిదా చూస్తోంది. పొయ్యి దగ్గర కాటుక కన్ను రెప్ప వెయ్యకుండా చూస్తోంది. సాదిక్ బొటనవేలు వెనక్కి తీసుకున్నాడు. మొదటి గది, ఎనిమిది డిగ్రీలు. గ్లాసు బల్ల మీద పెట్టి, లారీకి అడ్డంగా ఒక్క పరుగు తీశాడు.

"తలుపేరా!" అని అరిచాడు జక్రయ్య అవతలి నుంచి. మొదటి గది తలుపుని రెండు చేతులా బార్లా తెరిచి పట్టుకుని నవ్వుతున్నాడు. "నేనే తీశా, తలుపేరా!"

"తలుపేనని తెలుసన్నా!" అని అరిచాడు సాదిక్, పరుగు ఆపకుండా. "చూసి చెబుతా!"